పదమూడు గుంతల మంగళహారతి

హైమావతి పాట చరణంలోకి వచ్చేసరికి అందులో సుడిదోమ దూరింది.

ఆవిడ గొంతు పైకి లేచిన చోట, సరిగ్గా ఆ మెట్టు మీద, ఒక మగగొంతు అడ్డం పడి, "వరి దుబ్బు మొదట్లో సుడిదోమ, అంటే గోధుమరంగు పురుగులు, కనిపిస్తే రైతు సోదరులు వెంటనే పొలంలో నీరు తీసివేయాలి" అని చెప్పింది. దాని అడుగున, పాట మొదలైనప్పటినుంచీ, తేనెపట్టు కదిలినట్టు ఒకటే మోత.

"నేను పాడినప్పుడు ఆయన అక్కడ లేడురా," అంది హైమావతి.

ఆవిడ తమ్ముడు కామేశం టేప్‌రికార్డర్ ఆపేశాడు.

ఆ ఇంట్లో ఉండేది అక్కా తమ్ముడూ ఇద్దరే. కామేశం చక్కెర మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు చెరుకు బళ్ళు తూచి రిటైరయ్యాడు. కిలో తేడా వస్తే అన్నం సహించని మనిషి. హైమావతి ఆ వంశంలో జరిగిన ప్రతి పెళ్ళిలోనూ మంగళహారతి పాడింది. మూడేళ్ళ కిందట గొంతుకి ఆపరేషన్ జరిగింది. మాట మిగిలింది, పాట పోయింది. ఆ మాట కూడా తలుపు బోల్టు తీసినట్టు ఉంటుంది. తరవాత ఇంట్లో రెండు పెళ్ళిళ్ళు జరిగాయి. హారతి వేళకి అందరూ అలవాటుగా ఆవిడ వైపు చూడటం, ఆవిడ అలవాటు లేకుండా పక్కకి చూడటం, రెండుసార్లూ కామేశం గమనించాడు.

ఈ నెల ఇరవై రెండున ఆవిడ మనవరాలు సంహిత పెళ్ళి. "అమ్మమ్మ హారతి లేకపోతే పీటల మీంచి లేవను" అని పిల్ల పట్టుబట్టింది. ఆవిడ పాట ప్రపంచం మొత్తం మీద ఒకే ఒక్క క్యాసెట్టులో ఉంది, 1986లో ఎవరిదో పెళ్ళిలో పట్టింది. దాన్ని శుభ్రంగా కంప్యూటర్లోకి ఎక్కించి పెళ్ళిలో వినిపించాలి. అదీ పని.

రేడియో మెకానిక్ సుభానీ వచ్చి క్యాసెట్టు విప్పి, రిబ్బను మీద వేలు ఆనించి చూపించాడు. వేలికి గోధుమరంగు పొడి అంటుకుంది.

"పొర రాలిపోతందండి. ఇంకో నాలుగుసార్లు తిరుగుద్ది. అయిదోసారి తిప్పారంటే రిబ్బను ఉంటది, పాట ఉండదు."

"మరి ఆ మోత, ఆ వ్యవసాయం?"

"ఓ పూట కూచుని చూడాలండి. మా అమ్మాయి పురిటికని తుని ఎల్తన్నాను. రాగానే చూత్తాను. అందాకా దేన్నీ ముట్టుకోకండి."

కామేశం దేన్నీ ముట్టుకోలేదు. అర్జీ మాత్రం రాశాడు.

తప్పు పూర్తిగా ఆయనదీ కాదు. మర్నాడు పొద్దున పేపర్లోంచి ఒక కరపత్రం జారి ఒళ్ళో పడింది. "మీ గృహమునందు ఏ విద్యుత్ ఉపకరణమైనను మూలిగినను, గిజగిజలాడినను, గుయ్యిమనినను తక్షణమే తెలియజేయుడు. ఇట్లు, గృహ భూసంధాన మండలి." ఇంటింటికీ మంచి ఎర్త్ ఉండాలని పెట్టిన మండలి అది. ఆ ఏడాదిని వాళ్ళు భూసంధాన వత్సరంగా ప్రకటించుకున్నారు. లక్ష్యం జిల్లాకి ఆరువేల ఎర్త్ గుంతలు. అప్పటికి తవ్వినవి పదకొండు. అందులో నాలుగు మండలి ఆఫీసు ఆవరణలోనే ఉన్నాయి. మిగతా జిల్లాలో ఎవరికీ ఏ ఫిర్యాదూ లేకపోవడం వాళ్ళని కలవరపెడుతోంది.

కాటా గుమస్తా కాబట్టి కామేశం అర్జీని తూచినట్టు రాశాడు: "మా అక్క హైమావతి పాడిన మంగళహారతి క్యాసెట్టు (ఎ వైపు, మూడవ పాట, నాలుగు నిమిషముల ఇరవై సెకన్లు) వేసినపుడు హమ్ అను మోతయు, వ్యవసాయ కార్యక్రమమును వినిపించుచున్నవి."

ఆ బ్రాకెట్లే కొంప ముంచాయి.

మర్నాడే జీపు వచ్చింది. దిగిన మనిషి పేరు త్రిమూర్తులు, సహాయ భూసంధాన అధికారి. బక్కపలచని మనిషి. చంకలో పెద్ద ఫైలు. కామేశం చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మా మండలికి వచ్చిన మొట్టమొదటి ఫిర్యాదు మీదేనండి. ఆఫీసులో స్వీట్లు పంచారు. ఏదండీ, ఆ క్యాసెట్టు వెయ్యండి."

"అది అరిగిపోతోంది. భజన క్యాసెట్టు ఒకటి ఉంది, అదేసినా ఇదే మోత వస్తుంది."

"భజన మీ అర్జీలో లేదండి," అని త్రిమూర్తులు ఎంతో బాధగా ఫైలు తెరిచి చదివాడు. "ఫిర్యాదునందు ఉదహరించబడిన శబ్దము, ఉదహరించబడిన వస్తువు ద్వారానే, అధికారి సమక్షమున వెలువడవలెను. వెలువడనిచో ఫిర్యాదు అసత్యమని భావించి, సదరు వస్తువును జప్తు చేసి ఆరు మాసములు బీరువానందు భద్రపరచవలెను."

కామేశం క్యాసెట్టు వేశాడు. పాట, మోత, సుడిదోమ, అన్నీ అర్జీలో ఉన్న వరసలోనే వచ్చాయి. త్రిమూర్తులు సుడిదోమకి ఎదురుగా టిక్కు పెట్టుకున్నాడు.

ఇంక మూడుసార్లు.

మధ్యాహ్నానికి పెరట్లో ఆరడుగుల గుంత తవ్వారు. ఇనప గొట్టం దింపారు. చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు. గొట్టానికి రాగితీగె బిగించి కిటికీలోంచి లాగి టేప్‌రికార్డర్ వీపుకి తగిలించారు. ఫోటో తీశారు.

"ఇప్పుడు గుంతానంతర పరీక్షండి," అన్నాడు త్రిమూర్తులు. "మళ్ళీ ఆ క్యాసెట్టే."

ఇంక రెండుసార్లు. మోత రెట్టింపయింది.

త్రిమూర్తులు మొహం వాడిపోయింది. ఫారంలో రెండే గళ్ళు ఉన్నాయి. ఒకటి 'తగ్గినది'. రెండోది 'పూర్తిగా తగ్గినది'. పెరిగినదానికి గడి లేదు. ఆయన చాలాసేపు పెన్ను కొరికి చివరకు కింద ఇలా రాశాడు: "ఎర్త్ చాలలేదు. రెండవ గుంత అత్యవసరము."

"ఆ తీగె పీకేస్తే పోదూ?" అంది హైమావతి.

"తవ్విన గుంతని వెనక్కి తీసుకోడానికి ఫారం లేదమ్మా. తవ్వడానికే ఉంది."

రెండో గుంత టేప్‌రికార్డర్‌కి కలిపిన ఆంప్లిఫయర్‌కి. మూడూ నాలుగూ స్పీకర్ పెట్టెలకి చెరొకటి. అయిదోది ఫ్యానుకి. ఆరోది ఫ్రిజ్‌కి, ఎందుకంటే అదీ అదే గదిలో ఉంది. ఒక్కో గుంతకీ మోత ఒక్కో మెట్టు ఎక్కింది. ఇప్పుడు క్యాసెట్టుతో పని లేదు. స్విచ్చి వేస్తే చాలు, కిటికీ అద్దాలు పళ్ళు కొరుకుతున్నాయి.

రేడియో సంగతి వేరే దారి పట్టింది. పెరడంతా తీగెలు పరుచుకున్న కొద్దీ దూరపు స్టేషన్లు వచ్చాయి. నాలుగో గుంతకి వ్యవసాయ కార్యక్రమం పక్కింటి మాటంత స్పష్టమయింది. ఏడో గుంతకి సముద్రంలోకి వేటకి వెళ్ళొద్దని మత్స్యకారులకి హెచ్చరికలు వచ్చాయి. తొమ్మిదో గుంత తవ్వేసరికి ఎవరో స్త్రీ ఏ దేశపు భాషలోనో వార్తలు చదవడం మొదలుపెట్టింది.

"ఏమంటోందిరా?"

"తెలీదక్కయ్యా."

"మనిషి మాత్రం కులాసాగా ఉంది."

మండలి వాళ్ళు గోడకి ఒక పట్టిక అంటించి వెళ్ళారు. ఎర్త్ ఎండిపోకూడదు కాబట్టి గుంతకి రోజూ రెండు బిందెల నీళ్ళు పొయ్యాలి. గుంతలు పదమూడయ్యాయి. హైమావతి చీర కుచ్చిళ్ళు పైకి దోపి పోసేది. "ముగ్గుర్ని కని పెంచాను. ఇన్ని నీళ్ళు వాళ్ళకీ పొయ్యలేదు," అనేది. "ఉప్పు కలిసిన గుంత. మెంతి మొలక కూడా రాదు."

పదిహేనో తారీఖున జాయింట్ డైరెక్టర్ చయనులు గారు స్వయంగా వేంచేశారు. భూసంధానం మీద మూడు మోనోగ్రాఫులు రాసిన మనిషి. వెంట ఒక గ్రాఫ్ కాగితం ఉంది. కింద గుంతల సంఖ్య, పక్కన హమ్ తీవ్రత. గీత ఎక్కడా తడబడకుండా పైకి పోయింది.

చయనులు గారు వరండాలో నిలబడి మోత విన్నారు. తల నెమ్మదిగా ఆడించారు.

"త్రిమూర్తులూ, మనమింతకాలమూ దీనిని లోపముగా భావించితిమి. గుంత పెరిగిన కొద్దీ నాదము పెరుగుచున్నది. దీని భావమేమి? నాదము లోపము కాదు, లక్షణము. భూమాత తన అంగీకారమును ఈ రూపమున తెలియజేయుచున్నది. నాదము లేని గృహమున ఎర్త్ లేదని గ్రహింపవలెను."

"అలాగేనండి."

"ఈ గృహమును ఆదర్శ గృహముగా ప్రకటించెదము. ఇరవయ్యవ తేదీన పదకొండు గంటలకు ధ్రువీకరణ. ఆ దినమున నాదము వినిపించినచో పత్రమిచ్చి ఫైలు మూసెదము. వినిపించనిచో ఉదహరించబడిన క్యాసెట్టును మరల వేసి, మొదటి గుంతనుండి పునః ప్రారంభము. సరే, ప్రస్తుతము ఒకసారి ఆ క్యాసెట్టు వేయుడు. ఫైలు దేనితో ఆరంభమైనదో దాని సమక్షమున నా సంతకము పడవలెను."

కామేశం టేప్‌రికార్డర్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

"రెండుసార్లే ఉందండి దానికి ప్రాణం. మా అక్క పాట అది. ఇంకెక్కడా లేదు."

"అందుకే బీరువాలో భద్రపరచుట మేలేమో," అన్నారు చయనులు గారు దయగా.

కామేశం పక్కకి తప్పుకున్నాడు. క్యాసెట్టు తిరిగింది. మోత కింద, విదేశీ వార్తల కింద, ఎక్కడో అట్టడుగున పాట ఉంది. అది ఒక్క హైమావతికే వినిపించింది, ఎందుకంటే ఎక్కడ ఏముందో ఆవిడకి తెలుసు. చయనులు గారు మాత్రం కళ్ళు మూసుకుని మోతకి తల పంకించారు.

ఇంక ఒక్కసారి.

సుభానీ ఇరవయ్యో తారీఖు పొద్దున్నే వచ్చాడు. మనవడు పుట్టాడట, కాకినాడ కాజా పొట్లం తెచ్చాడు. పెరటి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏటండి ఇది? రొయ్యల చెరువేమన్నా ఏసారా?"

"ఎర్త్," అన్నాడు కామేశం.

సుభానీ తలపాగా తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తరవాత ప్లగ్గుల వెంట పాకుతూ వెళ్ళాడు. పది నిమిషాల్లో లేచాడు.

"టేప్‌రికార్డరు హాల్లో ప్లగ్గుకి పెట్టారు. ఆంప్లిఫయరు కొత్త గది ప్లగ్గుకి పెట్టారు. ఆ గది తరవాత కట్టింది కదండి, దాని ఎర్తు దానిదే. రెండు మిషన్లనీ వైరుతో కలిపారు. అంటే భూమిలోకి రెండు దారులండి. ఆ రెంటి మధ్యా కరెంటు గానుగెద్దులా తిరుగుతా కూచుంటది. అదే మీ మోత. రెండు దారులకే అంత మోతయితే పదమూడు దారులిచ్చారు."

"మరి వ్యవసాయం?"

"కలిపిన వైరు పదహారడుగులుంది, పైన తొడుగు కూడా లేదు. రేడియోకి ఏరియల్ కట్టినట్టే. ఈ రాగితీగెల్తో దేశాలన్నీ పట్టారు."

"ఎంతసేపు పడుతుంది?"

"ఓ పూటన్నాను కదండి. గంట చాలు."

కామేశం గడియారం చూశాడు. తొమ్మిదీ నలభై.

సుభానీ పదమూడు తీగెలూ విప్పి కిటికీ బయటికి తోసేశాడు. రెండు మిషన్లనీ పక్కపక్కన పెట్టి, ఒకే పలక మీద, ఒకే ప్లగ్గుకి తగిలించాడు. పదహారడుగుల వైరు తీసేసి రేడియోని లోపలికి రానివ్వని, జల్లితొడుగున్న జానెడు వైరు వేశాడు. భజన క్యాసెట్టు పెట్టి స్విచ్చి నొక్కాడు. తాళాల మధ్య నిశ్శబ్దం కూడా వినిపించింది. ఆపేశాక గదిలో టిక్కు టిక్కుమని చప్పుడు.

"ఆ గోడ గడియారం ఎప్పుడు బాగయింది?" అంది హైమావతి.

"అది ఎప్పుడూ బాగానే ఉందక్కయ్యా. ఇన్నాళ్ళూ వినపళ్ళేదు."

పదీ నలభై. అధికారులు పదకొండున్నర లోపు రారని కామేశం అంచనా. పాట నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. బోలెడు వ్యవధి. సుభానీ చిన్న కంప్యూటరు తెరిచి, వైరు కలిపి, స్పీకర్లు ఆపేసి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. "ఇదే ఆఖరుసారండి. మధ్యలో ఎవరూ ఏ తీగా కలపకూడదు. గదిలో మాటలు ఎక్కవు గానీ, తీగ కలిపితే మోత కంప్యూటర్లోకి ఎక్కిపోద్ది," అని మీట నొక్కాడు. క్యాసెట్టు చక్రాలు కదిలాయి.

గేటు దగ్గర జీపు ఆగింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో తప్పని కామేశం తూకం ఆ రోజు తప్పింది. చయనులు గారు ఇరవై నిమిషాలు ముందే వచ్చేశారు.

కామేశం వరండాలోకి పరిగెత్తి కుర్చీలు వేశాడు. మంచినీళ్ళన్నాడు. ఎండన్నాడు. చయనులు గారు కూర్చోలేదు. చెవి గుమ్మం వైపు పెట్టారు.

"త్రిమూర్తులూ, నాదమేదీ?"

త్రిమూర్తులు కిటికీ వైపు చూశాడు. పదమూడు రాగితీగెల కొసలు గాలికి వేలాడుతున్నాయి. ఆ కొసలు చూశాడు, కామేశం మొహం చూశాడు.

"నాదము లేదు," అన్నారు చయనులు గారు. "తీగెలు ఊడిపోయినట్లున్నవి. ముందు వాటిని తగిలింపుము. పిమ్మట క్యాసెట్టు వేయింతుము."

త్రిమూర్తులు వంగి ఒక తీగె పట్టుకున్నాడు. కామేశం మనసులోనే సెకన్లు లెక్కపెట్టాడు. లోపల పాట రెండో చరణంలో ఉంటుంది.

అప్పుడు గదిలోంచి హమ్ వినిపించింది.

సన్నగా మొదలై నిలదొక్కుకుంది. ఒకే గీత మీద, ఒకే బరువుతో. కామేశం నిర్ఘాంతపోయాడు. గుమ్మం తెర సందులోంచి త్రిమూర్తులుకి లోపలి దృశ్యం కనిపించింది. హైమావతి ముక్కాలిపీట మీద కూర్చుంది. పెదవులు మూసుకుంది. చెయ్యి గొంతు మీద ఉంది. చూపు తిరుగుతున్న క్యాసెట్టు చక్రాల మీద ఉంది. ఆపరేషన్ తరవాత ఆవిడ గొంతులో మిగిలిన స్వరం ఒక్కటే. దాన్ని మోస్తోంది.

త్రిమూర్తులు తీగె కింద పెట్టాడు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"వస్తోందండి సార్."

"వినుచున్నాను. లోనికి పోయి దగ్గరగా వినెదము."

"వద్దండి. నాలుగో నిబంధన ప్రకారం పరీక్ష వేళ అధికారి దగ్గరికి వెళితే ఆయన శరీరం కూడా ఒక ఎర్త్ కింద లెక్కకి వస్తుందండి. పధ్నాలుగో గుంత కింద మిమ్మల్ని చూపించాల్సి వస్తుంది."

అలాంటి నిబంధన ఉన్నదో లేదో చయనులు గారికి గుర్తు రాలేదు. రాసింది తానే కాబట్టి ఉండే ఉంటుందని ఆగిపోయారు.

హమ్ తెగింది.

"ఆగినదే?"

"ఊపిరి తీసుకుంటోందండి."

"ఎవరు?"

"భూమాతండి."

చయనులు గారు ఆ మాట డైరీలో రాసుకున్నారు. హమ్ మళ్ళీ అందుకుంది. ఈసారి ఇంకా నిండుగా వచ్చింది. చయనులు గారి కళ్ళు వాటంతట అవే మూతపడ్డాయి.

"ఆశ్చర్యము. మొన్నటి నాదములో కొంత మొరటుదనము కలదు. ఈ దినమున శ్రుతి కుదిరినది. పదమూడు గుంతలు ఒక దానితో ఒకటి సమాధానపడుటకు ఈ వ్యవధి పట్టియుండును."

లోపల మీట టక్కుమంది. హమ్ కూడా ఆగింది. తెర తొలగించుకుని సుభానీ తల బయటపెట్టాడు, హెడ్‌ఫోన్ మెడలో ఉంది. కామేశం వైపు చూసి ఒక్కసారి తలూపాడు.

పత్రం అక్కడికక్కడే ఇచ్చారు. "నాదము: అత్యుత్తమము." ఫైలు మూసేశారు.

అంతటితో అయిపోతే మండలి అనిపించుకోదు. సాయంత్రం త్రిమూర్తులు ఒక్కడే వచ్చాడు, చేతిలో ఖాళీ క్యాసెట్టుతో.

"అమ్మా, ఆ హమ్ జిల్లాలో అన్ని ఆఫీసులకీ నమూనాగా పంపాలట. ఇళ్ళలో వచ్చే మోత దాంతో పోల్చి చూస్తారట. సుభానీ చేత ఓసారి పట్టించి ఇస్తే..."

"నా పాట రేడియో వాళ్ళు ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు నా మూలుగుని గవర్నమెంటు అడుగుతోంది," అంది హైమావతి. అయినా పట్టించి ఇచ్చింది. తాంబూలం కూడా ఇచ్చింది.

జిల్లాలో మరే ఇంటి మోతా ఆ నమూనాతో శ్రుతి కలవలేదు. కలవని ఇళ్ళన్నిటికీ అదనపు గుంతలు మంజూరయ్యాయి. ఆరువేల లక్ష్యం గడువుకి ముందే పూర్తవుతుందని మండలి ప్రకటించింది.

ఇరవై రెండున పెళ్ళి. హారతి వేళ అయింది. పళ్ళెంలో కర్పూరం వెలిగింది. అందరూ అలవాటుగా హైమావతి వైపు చూశారు. మండపం పక్కన కూర్చున్న సుభానీ మీట నొక్కాడు.

పాట వచ్చింది. సుడిదోమ లేదు, తేనెపట్టు లేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళ వెనకటి గొంతు, నిన్న తోమిన గిన్నెలా తళతళలాడుతూ వచ్చింది. పీటల మీద సంహిత తలెత్తింది. వంటవాళ్ళు గరిటెలతో గుమ్మంలోకి వచ్చారు. మూడో వరసలో త్రిమూర్తులు, పిలవకపోయినా వచ్చి, జేబురుమాలు వెతుక్కుంటున్నాడు.

చరణంలో కామేశం చెవికి ఏదో తగిలింది. పాట అడుగున సన్నటి మోత. ఒకే గీత మీద, ఒకే బరువుతో.

ఆయన లేచి నిలబడ్డాడు. ఒకే ప్లగ్గు, ఒకే ఎర్త్, జానెడు వైరు, అన్నీ తనే సరిచూశాడు. సుభానీ వైపు చూశాడు. సుభానీ కంగారేం పడలేదు. గడ్డంతో ముందు వరస వైపు చూపించాడు.

ముందు వరసలో హైమావతి కూర్చుంది. పెదవులు మూసి ఉన్నాయి, వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. తన పాటకి తనే శ్రుతి పడుతోంది.

ప్లగ్గు వైపు ఒక అడుగు వేసిన కామేశం, ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు.